మీ గ్రైండరు కేసు: న్యూజెర్సీ కంపెనీని టెక్సాస్ కోర్టుకు రప్పించగలమా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. తప్పుంటే సరిదిద్దండి. మీరు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో క్యాటరింగ్ వంటశాల నడుపుతున్నారు. పక్కనే ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో మూతపడుతున్న ఒక రెస్టారెంటు నుంచి పాత టిల్టింగ్ గ్రైండరు కొని, పికప్ ట్రక్కులో వేసుకుని తెచ్చుకున్నారు. ఒక రోజు ఇడ్లీ పిండి వంపుతుండగా గొళ్ళెం జారి తొట్టి మొత్తం మీ మణికట్టు మీద పడింది. డాలస్ కౌంటీలో ముగ్గురి మీద దావా వేశారు: యంత్రాన్ని కోయంబత్తూరులో తయారుచేసిన కంపెనీ, దాన్ని అమెరికాకు దిగుమతి చేసే న్యూజెర్సీ కంపెనీ, మీకు అమ్మిన టల్సా రెస్టారెంటు యజమాని. ఇప్పుడు న్యూజెర్సీ కంపెనీ లాయరు స్పెషల్ అప్పియరెన్స్ దాఖలు చేసి, ఈ యంత్రాన్ని మేము టెక్సాస్‌లో అమ్మలేదు కనుక ఇక్కడి కోర్టుకు మా మీద అధికారమే లేదంటున్నాడు. డాలస్‌లోనే వాళ్ళ డీలర్లు ఇద్దరున్నారు, దేశమంతటా అమ్ముతారు, దెబ్బ తగిలింది ఇక్కడ, మరి ఇదేం వాదన అని మీ కోపం. రెండేళ్ళ గడువులో ఇక ఐదు నెలలే మిగిలాయన్నది మీ భయం.

కోపం సంగతి ఎలా ఉన్నా భయంలో అర్థముంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నేను పదహారేళ్ళుగా డాలస్‌లో ఇలాంటి దావాలే చూస్తున్నాను. మొదటి ఐదేళ్ళు కంపెనీల పక్షాన, ఆ తర్వాత దెబ్బలు తిన్నవాళ్ళ పక్షాన. మీ లాయరును కాను, మీరు పంపిన పిటిషన్ భాగం తప్ప మీ కాగితాలు చూడలేదు. మీరు రాసినంతలో నా అంచనా ఇదీ: దిగుమతి కంపెనీ విషయంలో మీరు నెగ్గే అవకాశం బాగానే ఉంది. కోయంబత్తూరు కంపెనీ విషయంలో అనుమానమే. టల్సా యజమానిని మాత్రం వీలైనంత త్వరగా దావాలోంచి తీసేయండి. అయితే దిగుమతి కంపెనీ మీద నెగ్గేది మీరు చెప్పిన కారణాలతో కాదు. ఆ కంపెనీ పెద్దదని, దేశమంతటా అమ్ముతుందని జడ్జి ముందు ఎంత గట్టిగా చెప్పినా పని జరగదు. ఈ దావాకూ, ఈ రాష్ట్రానికీ, ఆ కంపెనీ తన చేతులతో చేసిన పనికీ మధ్య ముడి ఉందా అన్నదొక్కటే అక్కడ నడిచే ప్రశ్న.

మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది వింతగా తోచడం సహజం. ఇండియాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షను ప్రకారం, దావాకు కారణమైన సంగతిలో కొంత భాగం ఎక్కడ జరిగినా అక్కడ దావా వేసుకోవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, కొన్నవారు తాము ఉండే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చంది. విజయవాడలో ఉన్న మనిషి ముంబై కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే, ఆ కంపెనీ విజయవాడతో ఏం సంబంధం పెట్టుకుందని ఎవరూ అడగరు. అమెరికా కట్టుబడి వేరు. ఒక్కో రాష్ట్రం తన కోర్టుల విషయంలో ఇంచుమించు వేరే రాజ్యం. టెక్సాస్ కోర్టు న్యూజెర్సీ కంపెనీకి సమన్లు పంపితే, ఆ పిలుపు రాజ్యాంగం 14వ సవరణలోని డ్యూ ప్రాసెస్ (న్యాయమైన పద్ధతి పాటించాలన్న హామీ) గీతకు లోపల ఉండాలి. దాటితే వచ్చిన తీర్పు చిత్తు కాగితమే.

ఆ గీత కోసం జరిగిన మొదటి పెద్ద తగవు 1878 నాటిది, అదీ ఒక లాయరు ఫీజు బాకీ దగ్గర మొదలైంది. ఆరెగాన్‌లో మిచెల్ అనే లాయరు 300 డాలర్ల లోపు బాకీ కోసం, రాష్ట్రంలో లేని నెఫ్ అనే కక్షిదారు మీద పత్రికలో ప్రకటన వేయించి ఎక్స్‌పార్టే తీర్పు, అంటే ఎదుటివాడు లేకుండానే ఇచ్చే తీర్పు, తెచ్చుకున్నాడు. ఆ తీర్పు పట్టుకుని నెఫ్ భూమిని వేలం వేయించాడు. భూమి చేతులు మారి పెన్నోయర్ అనే ఆయనకు చేరింది. నెఫ్ తిరిగొచ్చి పోట్లాడితే సుప్రీంకోర్టు ఆ మొదటి తీర్పే చెల్లదంది. మనిషి రాష్ట్రం పొలిమేరల్లో చేతికి దొరకాలి, లేదా అతని ఆస్తిని ముందే జప్తు చేసి ఉండాలి, అప్పుడే కోర్టుకు పట్టు అని తేల్చింది. భూమి పోగొట్టుకున్న పెన్నోయర్ తర్వాత ఆరెగాన్ గవర్నరయ్యాడు.

మనిషి విషయంలో పొలిమేర కొలత సరే. కంపెనీకి ఒళ్ళు లేదు కదా, అది ఎక్కడ దొరుకుతుంది? 1945లో ఇంటర్నేషనల్ షూ కేసు ఈ చిక్కును విప్పింది. సెయింట్ లూయిస్‌లో ఉన్న ఆ బూట్ల కంపెనీ వాషింగ్టన్ రాష్ట్రంలో 11 నుంచి 13 మంది సేల్స్‌మెన్‌ను తిప్పేది. అక్కడ దుకాణం లేదు, గోడౌను లేదు. సేల్స్‌మన్ చేతికి నమూనాగా జతలో ఒక్క బూటే ఇచ్చేది. ఆర్డరును ఒప్పుకునేది మాత్రం సెయింట్ లూయిస్‌లో. నిరుద్యోగ నిధికి చందా కట్టమని రాష్ట్రం అడిగితే, మేము మీ రాష్ట్రంలో లేనే లేమంది కంపెనీ. సుప్రీంకోర్టు ఆ ఒంటి బూటు తెలివిని ఒప్పుకోలేదు. రాష్ట్రంతో కంపెనీ పెట్టుకున్న కనీస సంబంధాలు చాలు, ఆ సంబంధాలను బట్టి అక్కడ దావాకు నిలబెట్టడం న్యాయంగా తోస్తే చాలు అంది. మీ కేసులో జడ్జి రేపు అడిగేది కూడా ఆ 1945 మాటకు మనవలూ మునిమనవలూ అయిన ప్రశ్నలే.

అక్కడి నుంచి దారి రెండుగా చీలింది. మొదటిది సాధారణ పరిధి (పరిధి అంటే ప్రతివాది మీద కోర్టుకు ఉండే అధికారం). కంపెనీ సొంతింటి రాష్ట్రంలో దాని మీద ఏ దావా అయినా వేయొచ్చు, సంగతి ఎక్కడ జరిగినా సరే. సొంతిల్లు అంటే రిజిస్టరైన రాష్ట్రం, ప్రధాన కార్యాలయం ఉన్న రాష్ట్రం, అంతే. 2014లో, మెర్సిడెస్ బెంజ్ కార్ల జర్మన్ కంపెనీ డైమ్లర్ కేసులో కోర్టు దీన్ని బిగించింది. అర్జెంటీనాలో మెర్సిడెస్ బెంజ్ అనుబంధ కంపెనీ అక్కడి సైనిక ప్రభుత్వంతో చేతులు కలిపిందని అర్జెంటీనా వాళ్ళు కాలిఫోర్నియాలో దావా వేశారు. కాలిఫోర్నియాలో ఆ కార్లు విరివిగా అమ్ముడవుతున్నా, అది డైమ్లర్‌కు ఇల్లు కాదు కనుక కుదరదంది కోర్టు. 2017లో బీఎన్ఎస్ఎఫ్ రైల్వే కేసు ఇంకా గట్టిది. మోంటానాలో ఆ రైల్వేకు 2,000 మైళ్ళకు పైగా పట్టాలు, 2,000 మందికి పైగా ఉద్యోగులు. అయినా మోంటానా దాని ఇల్లు కాదంది కోర్టు. పట్టాలు పరిచిన కంపెనీకే లేని దోషం, డాలస్‌లో ఇద్దరు డీలర్లున్న గ్రైండర్ల కంపెనీకి ఎలా అంటుతుంది? కనుక దేశమంతటా అమ్ముతారన్న వాదన పక్కన పెట్టండి. ఇల్లు మారడం మాత్రం జరుగుతుంటుంది: టెస్లా 2024లో తన రిజిస్ట్రేషన్ను డెలావేర్ నుంచి టెక్సాస్‌కు మార్చుకుంది. మీ దిగుమతి కంపెనీ ఎక్కడ రిజిస్టరైందో ఆయా రాష్ట్రాల రికార్డుల్లో చూడండి. ఐదు నిమిషాల పని.

ఇంకో చిన్న సందు ఉంది. వ్యాపారం చేసుకోవడానికి రాష్ట్రంలో నమోదు చేసుకున్న కంపెనీ, అక్కడి కోర్టులకు అన్ని విధాలా లోబడినట్టేనని పెన్సిల్వేనియా చట్టం చెబుతుంది. ఒహాయో, వర్జీనియాల్లో పనిచేసి క్యాన్సర్ వచ్చిందన్న ఒక రైల్వే ఉద్యోగి నార్ఫోక్ సదరన్ మీద పెన్సిల్వేనియాలో దావా వేస్తే, 2023లో సుప్రీంకోర్టు 5-4తో ఆ చట్టాన్ని నిలబెట్టింది. టెక్సాస్ చట్టంలో అంత స్పష్టమైన మాట లేదు. న్యూజెర్సీ కంపెనీకి ఆస్టిన్‌లో రిజిస్టర్డ్ ఏజెంటు ఉన్నాడని మీ పిటిషన్‌లో రాసింది మంచిదే, కానీ దాని మీద ఇల్లు కట్టకండి.

రెండో దారి ప్రత్యేక పరిధి. మీ కేసు నిలబడేది ఇక్కడే. కంపెనీ తనంతట తాను ఈ రాష్ట్రపు మార్కెట్లోకి వచ్చి ఉండాలి, దావా ఆ రాకకు సంబంధించినదై ఉండాలి. రెండూ కావాలి. మొదటిది మాత్రమే చూసుకుని బోర్లాపడినవాళ్ళు చాలామంది. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ కంపెనీ ప్లావిక్స్ మాత్రల మీద కాలిఫోర్నియాలో 678 మంది దావా వేస్తే, వాళ్ళలో కాలిఫోర్నియా వాళ్ళు 86 మందే. మిగతా 592 మంది వేరే రాష్ట్రాల్లో మందు కొని, అక్కడే వాడి, అక్కడే దెబ్బతిన్నవాళ్ళు. కంపెనీ కాలిఫోర్నియాలో కోట్ల మాత్రలు అమ్మిన మాట నిజమే గానీ, ఆ అమ్మకాలకూ ఈ 592 మంది కష్టానికీ ముడి లేదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు.

ఇప్పుడు మీ ముగ్గురి దగ్గరికి వద్దాం. టల్సా యజమాని సంగతి ముందు.

1980 నాటి వరల్డ్ వైడ్ ఫోక్స్‌వ్యాగన్ కేసు ఇంచుమించు మీ ట్రక్కు ప్రయాణమే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం ఆడీ కారు కొని, కాపురం మార్చుకుని అరిజోనా వెళ్తూ దారిలో ఓక్లహోమాలో ప్రమాదానికి గురైంది. కారు అమ్మిన డీలరునూ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో మాత్రమే కార్లు సరఫరా చేసే ప్రాంతీయ పంపిణీదారునూ ఓక్లహోమా కోర్టుకు లాగారు. కారన్నాక ఎక్కడికైనా పోతుందని వాళ్ళకు తెలియదా అన్నది వాదన. తెలిసినా సరే, కొన్నవాళ్ళు తమంతట తాము తీసుకెళ్ళిన చోటుకల్లా అమ్మినవాణ్ణి ఈడ్చలేమంది కోర్టు. టల్సా ఆయన హోటల్ మూసుకుంటూ సామాను అమ్ముకున్నాడు. మీరే వెళ్ళి కొన్నారు, మీరే తెచ్చుకున్నారు. ఆయన టెక్సాస్‌తో ఏమీ పెట్టుకోలేదు. ఆయన్ని ఉంచితే మీకు ఒరిగేది ఇంకో స్పెషల్ అప్పియరెన్స్, ఇంకో ఓటమి, ఆ ఓటమి రంగు పక్క ప్రతివాది మీద కూడా పడడం. జడ్జీలూ మనుషులే.

దిగుమతి కంపెనీ దగ్గర మీకు అండ 2021 నాటి ఫోర్డ్ తీర్పు. మీ లాయరు టేబుల్ మీద అది లేకపోతే మీరే ప్రింటు తీసి ఇవ్వండి. మోంటానాలో ఎక్స్‌ప్లోరర్ కారు ప్రమాదంలో ఒక మహిళ చనిపోయింది. మిన్నెసోటాలో క్రౌన్ విక్టోరియా కారులో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోక ఒకతను తీవ్రంగా గాయపడ్డాడు. రెండు కార్లనూ ఫోర్డ్ ఆ రాష్ట్రాల్లో అమ్మలేదు. ఎక్స్‌ప్లోరర్ మొదట వాషింగ్టన్ రాష్ట్రంలో, క్రౌన్ విక్టోరియా నార్త్ డకోటాలో అమ్ముడై, చేతులు మారి అక్కడికి చేరాయి. మీ గ్రైండరు లాగే. ఫోర్డ్ లాయర్లు కూడా మీ ప్రత్యర్థి రాసిన మాటే అన్నారు: ఈ కారును మేము ఇక్కడ రూపొందించలేదు, తయారుచేయలేదు, అమ్మలేదు, కనుక ఇక్కడ మేము చేసిన ఏ పని వల్లా ఈ ప్రమాదం జరగలేదు.

ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఫలితంలో ఒక్కటయ్యారు. తీర్పు రాసిన జస్టిస్ కేగన్ తర్కం ఒక చిన్న సంధి పదం మీద నిలబడింది. దావా కంపెనీ పనుల వల్ల పుట్టాలి లేదా వాటికి సంబంధించినదై ఉండాలి అని పాత తీర్పులు చెబుతూ వచ్చాయి. ఆ ‘లేదా’ తర్వాతి మాటకు కూడా విలువుంది కదా అన్నారామె. ఫోర్డ్ అవే మోడళ్ళను మోంటానాలో, మిన్నెసోటాలో ఏళ్ళ తరబడి అమ్మింది, ప్రకటనలు గుప్పించింది, మరమ్మతు చేసింది, విడిభాగాలు పంపింది. అదే మోడల్ కారు అదే రాష్ట్రంలో అక్కడి మనిషినే దెబ్బతీసినప్పుడు, ఈ ఒక్క బండి పక్క రాష్ట్రంలో అమ్ముడైందన్న సాకు చెల్లదు. మొదటి అమ్మకం జరిగిన రాష్ట్రానికే ఈ దావాతో సంబంధం తక్కువని కూడా అన్నారు. కనుక దావాను ఓక్లహోమాలో వేయమని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా తల ఊపి వచ్చేయండి.

ఇక్కడే జాగ్రత్తగా చదవాల్సిన సంగతి ఒకటుంది. ఫోర్డ్ తీర్పు అమ్మే ప్రతివాడికీ వర్తించదు. మెయిన్ రాష్ట్రంలో చిన్న ఊళ్ళో ఉండే రిటైరైన మనిషి చెక్క బాతులు చెక్కి ఇంటర్నెట్‌లో అమ్ముకుంటే, అతన్ని ఏ రాష్ట్రానికైనా లాగవచ్చా అన్న ప్రశ్నను ఆ తీర్పే ఒక ఫుట్‌నోట్‌లో లేవనెత్తి, అది వేరే లెక్క అని తప్పించుకుంది. ఫోర్డ్‌కూ ఆ బాతుల తాతకూ మధ్య చాలా ఖాళీ జాగా ఉంది. మీ దిగుమతి కంపెనీ ఆ జాగాలో ఎక్కడ నిలుస్తుందో తేల్చేది మీరు తెచ్చే కాగితాలే. ఫోర్డ్ వైపు ఎంత దగ్గరగా నెట్టగలిగితే అంత మంచిది.

టెక్సాస్ సుప్రీంకోర్టు ధోరణి మీకు కొంత అనుకూలమే. స్పిర్ స్టార్ అనే జర్మన్ గొట్టాల కంపెనీ హ్యూస్టన్‌లో పంపిణీ కేంద్రం పెట్టించుకుని, దాని ద్వారా లాభపడుతూ, తీరా గొట్టం పగిలి మనిషికి దెబ్బ తగిలాక అది వేరే కంపెనీ అంటే 2010లో ఒప్పుకోలేదు. 2021లో స్ప్రే ఫోమ్ అమ్మే కనెక్టికట్ కంపెనీకి టెక్సాస్‌లో సేల్స్ ప్రతినిధి, సరుకు నిల్వ చేసే చోటు ఉన్నాయని చూసి, దావా ఇక్కడే నడవాలంది. రెండింటిలోనూ కోర్టు చూసింది ఒక్కటే: సరుకు దానంతట అది టెక్సాస్‌లోకి కొట్టుకొచ్చిందా, కంపెనీ టెక్సాస్‌ను ఉద్దేశించి పంపిందా.

కోయంబత్తూరు కంపెనీకి ఇదే ప్రశ్న వేస్తే జవాబు మీకు నచ్చదు. మీరు చెప్పిన ప్రకారం వాళ్ళు అమెరికాలో సరుకిచ్చేది న్యూజెర్సీ కంపెనీ ఒక్కదానికే, ఆపైన యంత్రాలు ఎక్కడికి పోతాయో పట్టించుకోరు. 2011 నాటి మెకింటైర్ కేసు చూడండి. న్యూజెర్సీలో పాత ఇనుము కోసే యంత్రం ఒక కార్మికుడి నాలుగు వేళ్ళు తీసేసింది. యంత్రం ఇంగ్లండులో తయారై, ఒహాయోలోని పంపిణీదారు ద్వారా వచ్చింది. న్యూజెర్సీకి చేరిన యంత్రాలు మహా అయితే నాలుగు. తయారీదారు అమెరికా మొత్తం మీద కన్నేసింది గానీ న్యూజెర్సీ మీద ప్రత్యేకంగా కాదంటూ ఆరుగురు న్యాయమూర్తులు దావా కుదరదన్నారు. వేళ్ళు పోగొట్టుకున్న మనిషికి ఇది న్యాయమా అని నన్నడిగితే, భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్ పక్షానే నేనూ ఉంటాను. కానీ చట్టం ఆమె వైపు లేదు. అంతకు ముందు 1987లో కాలిఫోర్నియాలో మోటారు సైకిల్ టైరు పగిలిన కేసులో, జపాన్ వాల్వు కంపెనీ అసాహికి కూడా ఇలాగే విముక్తి దొరికింది.

వాళ్ళను వదలకూడదనుకుంటే ఇంకో రెండు సంగతులు తెలిసే దిగండి. ఒకటి, సమన్లు పోస్టులో పంపితే చెల్లవు. ఒక దేశపు సమన్లను ఇంకో దేశంలో అందించే పద్ధతి చెప్పే హేగ్ సర్వీస్ ఒప్పందంలో ఇండియా ఉంది గానీ పోస్టు ద్వారా పంపడానికి అభ్యంతరం చెప్పింది. ఢిల్లీలో కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారానే వెళ్ళాలి. అది నెలల పని. రెండు, ఇక్కడ తీర్పు వచ్చినా అక్కడ నేరుగా అమలు కాదు. కొన్ని దేశాల తీర్పులు ఇండియాలో నేరుగా అమలవుతాయి, కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షను కింద అలా నోటిఫై అయిన దేశాల్లో అమెరికా లేదు. ఇక్కడి తీర్పును ఆధారం చేసుకుని అక్కడ మూడేళ్ళలోపు మళ్ళీ కొత్త దావా వేయాలి. అప్పుడు వాళ్ళు 13వ సెక్షను తీసి, టెక్సాస్ కోర్టుకు అధికారం లేదని, ఎక్స్‌పార్టే తీర్పు గుణదోషాల మీద ఇచ్చింది కాదని వాదిస్తారు. హైదరాబాదులో, చెన్నైలో ఈ వాదన వినని లాయరుండడు.

ఇప్పుడు అసలు పని. టెక్సాస్ పద్ధతిలో ప్రతివాది జవాబు దాఖలుకు గడువు విచిత్రంగా ఉంటుంది: సమన్లు అందాక 20 రోజులు గడిచిన తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు. ఆలోపు అధికార పరిధిని కాదనేవాళ్ళు, 120ఏ నిబంధన ప్రకారం, ప్రమాణం చేసిన స్పెషల్ అప్పియరెన్స్‌ను అన్నిటికంటే ముందు దాఖలు చేయాలి. దానికి ముందు వేరే ఏ జవాబు పెట్టినా, కోర్టుకు తలవంచినట్టే. కనుక మొదట చేయవలసింది ఈ-ఫైలింగ్ రికార్డు తెరిచి తేదీ, నిమిషం చూడడం. ఒకసారి నా ప్రత్యర్థి లాయరు సోమవారం గడువు కంగారులో ఉదయం తొమ్మిదిన్నరకు మామూలు జవాబు పెట్టేసి, మధ్యాహ్నం తీరిగ్గా స్పెషల్ అప్పియరెన్స్ పెట్టాడు. ఇరవై పేజీలు, చక్కటి రాత, బోలెడు తీర్పులు. నేను రెండు ఫైలింగుల టైం స్టాంపులున్న ఒక్క పేజీ జడ్జి ముందు పెట్టాను. మిగతా ఇరవై పేజీలు ఎవరూ చదవలేదు. ఇలాంటి అదృష్టం తరచూ రాదు, చూసుకోవడానికి ఖర్చూ లేదు.

తర్వాత మీ పిటిషన్. మీరు పంపిన భాగంలో టెక్సాస్ గురించి ఉన్నది ఒక్క వాక్యం, ప్రతివాది టెక్సాస్‌లో వ్యాపారం చేస్తున్నాడని. ఇది చాలదు. ఇక్కడి పద్ధతిలో పరిధికి కావలసిన సంగతులు ముందు వాది రాయాలి. రాసినవాటిని తప్పని చూపే భారం అప్పుడు ప్రతివాదిది. మీరు రాయకపోతే, వాళ్ళు మేము టెక్సాస్ వాళ్ళం కాదని చూపి బయటపడతారు. విచారణకు ముందే సవరణ పిటిషన్ వేయించండి. అందులో ఇద్దరు డీలర్ల పేర్లు, అదే మోడల్ ఎప్పటి నుంచి ఇక్కడ అమ్ముతున్నారో, వారంటీ మరమ్మతులు ఎవరు చేస్తారో, టెక్సాస్ గ్రాహకుల కోసం వేసిన ప్రకటనలు, అన్నీ విడివిడిగా రావాలి.

ఇవి తెలియవంటారా? అడిగే హక్కు మీకుంది. స్పెషల్ అప్పియరెన్స్ విచారణకు ముందు పరిధికి సంబంధించినంత వరకు కాగితాలు, వాంగ్మూలాలు కోరవచ్చు, అందుకు వాయిదా కూడా అడగవచ్చు. అడగకుండా విచారణకు వెళ్ళడమే నేను చూసిన అతి పెద్ద తప్పు. కంపెనీ పెట్టే అఫిడవిట్ ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది: మాకు టెక్సాస్‌లో ఆఫీసు లేదు, ఉద్యోగులు లేరు, బ్యాంకు ఖాతా లేదు, స్థలం లేదు. లేనివాటి జాబితా చదివి బెదిరిపోకండి, అందులో లేని మాట కోసం వెతకండి. ఒక పాత కేసులో అలాంటి అఫిడవిట్‌లో అన్నీ ఉన్నాయి, టెక్సాస్‌కు సరుకు పంపలేదన్న మాట తప్ప. అమ్మకాల లెడ్జరు అడిగాం. మొదట లేదన్నారు, కోర్టు ఆదేశం వచ్చాక ఇచ్చారు. అందులో ఒక నిలువు వరుస నిండా మా రాష్ట్రం పిన్ కోడ్లు, ఏడేళ్ళ పొడవునా. పైగా వాళ్ళ సేల్స్ మేనేజరు ఏటా హ్యూస్టన్‌లో జరిగే ప్రదర్శనకు వచ్చి దిగిన హోటలు బిల్లులు. ఆ మేనేజరు వాంగ్మూలంలో పాపం నిజమే చెప్పాడు, టెక్సాస్ మాకు మంచి మార్కెట్టని.

మీ విషయంలో అడగవలసినవి: గత ఐదారేళ్ళలో టెక్సాస్ చిరునామాలకు వెళ్ళిన ఇన్వాయిసులు, డీలర్లతో ఒప్పందాలు, ఇక్కడికి పంపిన రాళ్ళు, బెల్టులు, గొళ్ళేల వంటి విడిభాగాల రికార్డు, ప్రకటనల ఖర్చు. తెలుగు సంఘాల ఉత్సవాల్లో వాళ్ళ స్టాలు చూశానని రాశారు కదా, ఆ ఫొటోలు, కరపత్రాలు మీ స్నేహితుల ఫోన్లలో ఉంటే ఇప్పుడే సేకరించండి. డాలస్ ఉత్సవంలో గ్రైండరు పెట్టి దోసెలు పోసి చూపించిన కంపెనీ, తర్వాత మాకు టెక్సాస్ తెలియదంటే వినడానికి బాగుండదు.

వాళ్ళ వెబ్‌సైటు ఇక్కడ తెరుచుకుంటుందన్నది మాత్రం పెద్ద బలం కాదు. ఇంటర్నెట్ విషయంలో చట్టం ఇంకా కదులుతోంది. 2025లో, ఆన్‌లైన్ దుకాణాలకు చెల్లింపుల సేవ అందించే షాపిఫై కేసులో పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీలు కోర్టు వినియోగదారుల వైపు బాగా మొగ్గింది గానీ, అది డాలస్ జడ్జిని కట్టిపడేసే తీర్పు కాదు. వారంటీ కాగితంలో న్యూజెర్సీ కోర్టుల్లోనే తేల్చుకోవాలన్న షరతు ఉంటే మాత్రం చెప్పండి. ఓడ టికెట్టు మీద అచ్చేసిన అలాంటి షరతును కూడా 1991లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. మీరు పాతది కొన్నారు, ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు కనుక మీకు అది పెద్దగా అడ్డు రాకపోవచ్చు. వాళ్ళు కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించినా కంగారు పడకండి. అక్కడ కూడా కొలత ఇదే, టెక్సాస్ కోర్టు చేయి ఎంత దూరం చాపగలదో ఫెడరల్ కోర్టు కూడా అంతే.

ఇక మీ భయం సంగతి. స్పెషల్ అప్పియరెన్స్ మీద జడ్జి ఎటు తేల్చినా, ఓడినవాళ్ళు వెంటనే అప్పీలుకు వెళ్ళవచ్చు. ఆ అప్పీలు మీ ఐదు నెలలనూ మింగేస్తుంది. శారీరక గాయాల దావాకు టెక్సాస్‌లో గడువు రెండేళ్ళు, న్యూజెర్సీలోనూ రెండేళ్ళే. ఇక్కడ పరిధి లేదని చివరకు తేలితే, అప్పటికి అక్కడి తలుపు కూడా మూసుకుపోయి ఉంటుంది. గడువును కాపాడే నిబంధనలు కొన్ని ఉన్నాయి గానీ, ఒక రాష్ట్రంలో పోయిన కాలాన్ని ఇంకో రాష్ట్రం లెక్కలోంచి తీసేస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు. న్యూజెర్సీ లాయరు ఒకరిని మాట్లాడుకుని, గడువులోగా అక్కడ ఒక దావా దాఖలు చేయించి, ఇక్కడ తేలే వరకు దాన్ని నిలిపి ఉంచమని అడిగించండి. అది దిగుమతి కంపెనీ సొంతిల్లు, పరిధి ప్రశ్నే రాదు. రెండు చోట్ల ఫీజులా అని మీకనిపించవచ్చు. దాఖలు ఖర్చు ఎంతైనా, మణికట్టు శస్త్రచికిత్స బిల్లు కంటే తక్కువే. మీ డాలస్ లాయరు ఈ మాట ఇంతవరకు ఎత్తకపోతే ఈ వారమే మీరు ఎత్తండి, అదీ ఈమెయిల్లో.

గ్రైండరును బాగుచేయించి మళ్ళీ వాడుతున్నానని రాశారు. ఆ వాడకం ఈ రోజుతో ఆపండి. విరిగిన గొళ్ళెం, దాని మేకులు, తీసేసిన ముక్కలు ఉన్నాయా చెత్తలో పోయాయా వెంటనే చూడండి. దొరికినవాటిని సంచిలో పెట్టి, తేదీ రాసి, మీ లాయరుకు ఇవ్వండి. తొట్టి కింద మోటారు పక్కన చిన్న నేమ్‌ప్లేటు ఉంటుంది, పిండి మరకలు తుడిచి సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీయండి. ఆ నంబరు ఏ కంటైనరులో వచ్చింది, అదే కంటైనరులోని మిగతా యంత్రాలు ఎన్ని డాలస్ డీలర్లకు వెళ్ళాయన్నది మీరు వాళ్ళను అడగబోయే మొదటి ప్రశ్న.